పంతొమ్మిదో నంబరు ఫిర్యాదు

మూడో ట్రే కూడా బయటికి లాగి చూశాడు మెకానిక్. అంచులు తట్టి సర్దిన తెల్ల కాగితాలు నిండుగా ఉన్నాయి. కంప్యూటరు మాత్రం "కాగితం లేదు, ట్రే నింపండి" అని ఎర్ర అక్షరాలతో మొండికేసి కూర్చుంది.

"ఎదురుగా కట్టలు కట్టలుంటే లేదంటుందేంటండీ?" అంది రిజిస్ట్రేషన్ కౌంటరు అమ్మాయి. పొద్దుటి నుంచి ఆ ట్రేని పదిసార్లు తీసి పెట్టింది. రెండుసార్లు మిషను నెత్తిన మొట్టింది కూడా.

"దానికి కళ్ళు లేవు కదమ్మా," అని అతను మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఏడాదిగా ఆ మోకాళ్ళు లేవడానికి మొరాయిస్తున్నాయి.

ఆదివారం ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ కొత్త అప్‌డేట్ వేశారు. అసలే అవి ముసలివి. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది. సోమవారం తెల్లారేసరికి అన్ని అంతస్తుల్లోనూ ఇదే గోల. కంప్యూటర్ విభాగం వాళ్ళు "పైకి రాశాం, వారంలో సరిచేస్తారు" అని చేతులు దులుపుకున్నారు. గంటన్నర తంటాలు పడ్డాక అసలు సంగతి అతనికి దొరికింది. అప్‌డేట్ అయినప్పటి నుంచీ కంప్యూటరు మాటిమాటికీ ప్రింటరును బాగోగులు అడుగుతోంది. పాత ప్రింటరు చెప్పే జవాబు అర్థంకాక, కాగితం లేదని తనే తీర్మానించుకుంటోంది. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున, ఆ పరామర్శ పక్కన చిన్న టిక్కు ఉంది. అది తీసేసి కంప్యూటరును ఒకసారి ఆపి, మళ్ళీ మొదలుపెడితే చాలు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. కాకపోతే ఆ ఎలుకను ప్రతి గదిలోనూ విడిగా పట్టాలి. ఒక్కో కంప్యూటరు ఆగి, లేచి, ఒళ్ళు విరుచుకునేసరికి పావుగంట పడుతోంది.

ఫిర్యాదుల పుస్తకంలో ఆ రోజుకి ఇరవై మూడు ఉన్నాయి. రాసిన వరుసలోనే వెళ్ళాలి. ఆ నియమం బాబాయ్ పెట్టింది.

బాబాయ్ అంటే చుట్టం కాదు. ముప్పై ఏళ్ళ కిందట ఈ ఆసుపత్రిలో టైపు మిషన్లు బాగుచేసే రోజుల్లో అతనికి స్క్రూడ్రైవరు పట్టడం నేర్పిన పెద్దాయన. "పెద్ద డాక్టరైనా, ఊడ్చే మనిషైనా, ముందు రాసినవాడి దగ్గరికి ముందు వెళ్ళు. మొహం చూసి వెళ్ళావా, జీవితమంతా మొహాలు చూస్తూనే ఉంటావు" అనేవాడు. అతను ఆ మాట దాటలేదు. కూతురు పుట్టిందని కబురొచ్చినప్పుడు ఏడో ఫిర్యాదు దగ్గర ఉన్నాడు. పదోది ముగించి వెళ్ళాడు. భార్య ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి పొడుస్తుంది.

పంతొమ్మిదో ఫిర్యాదు మూడో అంతస్తు వార్డుది. ఆ వార్డులో, కిటికీ పక్క మంచం మీద, బాబాయే ఉన్నాడు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. ఈ పూటైనా తన ఇంట్లో, తన మంచం మీద పడుకోవాలని ఆయన కోరిక. డిశ్చార్జి కాగితం వస్తే వెళ్ళొచ్చు. చేత్తో రాసిస్తే గేటు దగ్గర ఒప్పుకోరు. వార్డు కాగితం వార్డు ప్రింటరు మీదే రావాలి.

ఆరో ఫిర్యాదు అదే అంతస్తులో పడితే, దారిలో తొంగిచూశాడు. బాబాయ్ అప్పటికే సొంత చొక్కా తొడుక్కుని మంచం అంచున కూర్చున్నాడు. మెడ దగ్గర ఆ చొక్కా ఇంకో మనిషికి కూడా సరిపోయేంత వదులైంది. పక్కన స్టూలు మీద పిన్ని, ఒళ్ళో సంచి.

"నా వంతు ఎంతరా?" అన్నాడు.

"పంతొమ్మిది. ఎంతసేపు బాబాయ్, పావుగంట. ఇప్పుడే చేసేస్తాను."

"ఇప్పుడెన్నోది చేస్తున్నావు?"

"ఆరు."

"అయితే ఆరు దగ్గరికెళ్ళు."

"ఆయన మాటకేం గానీ, నువ్వు చేసెయ్ నాన్నా," అంది పిన్ని మెల్లగా.

"నువ్వూరుకో. ఇన్నేళ్ళు లేని పక్షపాతం ఇవాళ నా కోసమా?" బాబాయ్ కాస్త దగ్గి, ఊపిరి కూడగట్టుకుని నవ్వాడు. "పోరా. మధ్యాహ్నానికి వస్తావు. నేనెక్కడికి పోతాను?"

అతను వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే కొంచెం తేలికపడ్డాడు కూడా. నియమం ఉన్నవాడికి అదో సుఖం, తేల్చుకోవలసిన పని ఉండదు.

పదింటికి డైరెక్టరు గారి సహాయకుడు మెట్ల దగ్గర అటకాయించాడు. "సార్ గది ముందు చూడవయ్యా."

"మీది పదకొండో నంబరండీ."

"ఎవరి గదో తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసండీ. పదకొండు."

ఈ ముక్క బాబాయ్‌కి చెప్పాలని మనసులో దాచుకున్నాడు. ఆయన పడీ పడీ నవ్వుతాడు. మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. "బాబాయ్‌ని పంపించేశారా?"

"ఇంకా లేదు. పన్నెండో ఫిర్యాదు నడుస్తోంది."

"వరుస పట్టుకుని వేలాడకు. ముందు ఆయన్ని పంపించు," అని పెట్టేసింది. అతను చల్లారిన అన్నం నాలుగు ముద్దలు నిలబడే మింగి పదమూడుకి వెళ్ళాడు. అక్కడ కంప్యూటరు మూడుసార్లు మొరాయించింది. పదిహేను, పదహారు నేలమాళిగలో ఉన్నాయి. అక్కడ ఫోన్ పనిచేయదు. ప్రతి గదిలోనూ అదే ఎర్ర అక్షరాలు, అదే నిండు ట్రే, అదే ప్రశ్న. మొదట్లో నవ్వి జవాబు చెప్పేవాడు. పద్దెనిమిదో గదిలో తల మాత్రం ఊపాడు.

వార్డు చేరేసరికి నాలుగు దాటింది. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. డైరెక్టరు సహాయకుడి కథ నోటి దాకా తెచ్చుకుని వచ్చాడు. ఎలాగో పంపించేశారన్నమాట అని ఒక్క క్షణం సంతోషించాడు.

పెద్ద నర్సు కుర్చీలోంచి లేచింది. "మీకు నాలుగుసార్లు ఫోన్ చేశానండీ. కలవలేదు."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"రెండున్నరకి పోయారు. కూర్చుని కూర్చుని కునుకు తీశారనుకున్నాం. పిన్నిగారు కూడా అలాగే అనుకున్నారు, లేపొద్దన్నారు. ఇందాకే కిందికి తీసుకెళ్ళారు. ఆవిడా వెంటే వెళ్ళారు." ఆమె ప్రింటరు వైపు చూపించింది. "ఇప్పుడు వేరే కాగితం ఇవ్వాలి. ఇది ఇంకా లేదు లేదంటోంది. కాస్త చూడండి."

కుర్చీలో కూర్చున్నాడు. సెట్టింగులు, అడుగున ఆ టిక్కు. తీసేశాడు. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. పావుగంట కూడా పట్టలేదు, తొమ్మిది నిమిషాలు. పొద్దున ఆరో నంబరుకి వెళ్తూ ఆగి ఉంటే, బాబాయ్ పన్నెండింటికల్లా ఇంటి గుమ్మం ఎక్కేవాడు. వద్దన్నది ఆయనే. కాదనకుండా తల వంచుకుని వెళ్ళిపోయింది మాత్రం తను. ఒక్కసారి, ఒక్క మనిషి మొహం చూసి వరుస తప్పితే ఏం మునిగిపోయేది?

ప్రింటరు గుర్రుమని కదిలింది. నర్సు పొద్దుటి నుంచి ఎన్నిసార్లు నొక్కిందో ఏమో, వరుసలో ముందున్నవి ముందు వచ్చాయి. బాబాయ్ డిశ్చార్జి కాగితం. మళ్ళీ అదే. మళ్ళీ అదే. "ఇంటికి వెళ్ళుటకు అనుమతించడమైనది" అని అడుగున ముద్రతో సహా, ఏడు కాగితాలు వెచ్చవెచ్చగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నర్సు అడిగిన కాగితం ఎనిమిదోది. ఆమె దాన్ని మాత్రం తీసుకుని, అతని వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

అతను ఫిర్యాదుల పుస్తకం తెరిచి పంతొమ్మిదికి ఎదురుగా సంతకం పెట్టబోయాడు. కలం మూత పెట్టేశాడు. ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. పుస్తకం అక్కడే మూసేసి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి పని సగంలో వదిలేసి, పిన్ని దగ్గరికి మెట్లు దిగాడు.

మంచం మీద దుప్పటి తీసేశారు గానీ, తలగడ పక్కన ఆసుపత్రి చొక్కాను ఎవరూ తీయలేదు. పొద్దున బాబాయ్ విప్పి, చేతులు లోపలికి మడిచి, గుండీలు పెట్టి, తిరిగి ఇచ్చేయడానికి సిద్ధంగా ఉంచిన చొక్కా.