ఈ నెల వాయిదా

“పులుసులో ముక్కలు వెతుక్కోవాల్సొస్తోంది” అన్నారు మా ఆయన. అంటూనే గిన్నె తీసి గోడకేసి కొట్టారు.

ఆదివారం మధ్యాహ్నం. దించి ఎంతోసేపు కాలేదు, సొరకాయ పులుసు ఇంకా పొగలు కక్కుతూనే గోడ మీంచి కిందికి జారుతోంది. నేను మసిగుడ్డ కోసం లేచాను. ఆ క్షణాన నాకు కలిగింది కోపం కాదు, ఊరట. ఇవాళ్టి కోపం గోడ మీద తీరిపోయింది, నా మీదికి రాలేదు అనుకున్నాను. నా కూతురు అలేఖ్య ఎనిమిదో తరగతి. కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది.

“జీతం తెస్తున్నానని పొగరు దానికి. ముక్కలు కూడా లెక్కపెట్టి వేస్తుంది” అన్నారు అత్తయ్యగారు రత్నమాణిక్యం, తన కంచంలోంచి తల ఎత్తకుండానే.

జీతం తెస్తున్న మాట నిజమే. ధవళేశ్వరంలో హైస్కూల్లో హిందీ టీచర్ని. రాజమండ్రిలో మోరంపూడి వైపు మేం ఇల్లు కట్టుకున్నప్పుడు స్థలం మామగారిది కాబట్టి ఇల్లు మా ఆయన పేరునే ఉండాలన్నారు. సరేనన్నాను. తీరా బ్యాంకుకి వెళ్తే, రొయ్యల మేత వ్యాపారం చేసేవాడికి ఒక్కడికే అప్పివ్వలేం, ఉద్యోగం ఉన్నవాళ్ళెవరైనా కలవాలన్నారు. అప్పుడు గుర్తొచ్చాను. దస్తావేజులో నా పేరు లేదు, అప్పు కాగితాల్లో మాత్రం ఆయన పేరు పక్కనే ఉంది. మొదట్లో ఆయనా కొంత ఇచ్చేవారు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి భీమవరం చుట్టుపక్కల చెరువులన్నీ పోయాక రైతులు ఆయనకి బాకీలు కట్టలేదు, ఆయన ఇంట్లో పైసా ఇవ్వడం మానేశారు. శనివారాలు తాగడానికి యానాం వెళ్ళడం మాత్రం మానలేదు. జీతం అందగానే నేను ముందు బ్యాంకుకి వెళ్ళి వాయిదా కట్టేదాన్ని. మిగిలిన దాంట్లోంచి పాలు, గ్యాసు, కరెంటు, అలేఖ్య ఫీజు, అత్తయ్యగారి బీపీ మాత్రలు. ఇరవయ్యో తారీఖు దాటితే పప్పులో నీళ్ళు పెరిగేవి, పులుసులో ముక్కలు తగ్గేవి. నా చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో కాళ్ళు బల్ల కిందికి దాచుకునేదాన్ని. ఇంటికొస్తే తన్నులు. తన్నిన ప్రతిసారీ “నా ఇంట్లోంచి పోవే” అనేవారు. వీపు మీద కమిలిన చోట కొబ్బరినూనె రాసుకుని, మర్నాడు అదే ఇంటి గోడకి మేకు కొట్టి కేలెండర్ తగిలించేదాన్ని. నాకేం పట్టిందో నాకే తెలియదు. కట్టేస్తున్నాను కదా, ఇంకొన్నేళ్ళు కట్టేస్తే తీరిపోతుంది కదా అనుకునేదాన్ని. అప్పు తీరితే ఈ మనిషి కూడా మారతాడని ఎక్కడో అనుకున్నానేమో.

నేను గోడ తుడుస్తుంటే ఆయన గదిలోకెళ్ళి కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

“సంతకం పెట్టు. ఇంటి మీద ఇంకో లోను ఇస్తానన్నాడు మేనేజరు. నీ సంతకం కూడా కావాలంట.”

“ఎందుకండీ?”

“ఐస్ ఫ్యాక్టరీలో వాటా వస్తోంది. నీకు చెప్పినా అర్థం కాదు.”

చేతులు తుడుచుకుని కాగితాలు చదివాను. అసలే సగం జీతం పోతోంది. ఇది కూడా కలిస్తే బియ్యానికి కూడా మిగలదు. “పెట్టనండీ” అన్నాను. ఎందుకు పెట్టనో చెప్పడం మొదలుపెట్టాను, పిల్లలకి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా. సగంలోనే జడ పట్టుకున్నారు.

గదిలోకి ఈడ్చుకెళ్ళారు. తల బీరువాకి తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. పడిపోకుండా, తెరిచి ఉన్న బీరువా అంచు పట్టుకున్నాను. ఆయన నా చేతిని చూశారు. చూసి, బీరువా తలుపు దాని మీద బలంగా మూశారు. ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడు. నేను చెయ్యి లాక్కునేలోపు మళ్ళీ తెరిచి మళ్ళీ మూశారు. మొదటిసారి కోపంలో అనుకోవచ్చు. రెండోసారి తలుపు తెరవడానికి ఆయనకి ఎంత ఓపిక కావలసి వచ్చిందో నేను కళ్ళారా చూశాను.

గుమ్మంలో అలేఖ్య కేక పెట్టింది. అత్తయ్యగారు పరుగున వచ్చి దాని నోరు మూసేశారు. “అరవకే! పక్కింటివాళ్ళు వింటారు.” పిల్ల గింజుకుంది. ఆ అరచెయ్యిని కసుక్కున కొరికింది. అత్తయ్యగారు కెవ్వుమని వదిలేశారు. పెదవుల మీద నాన్నమ్మ నెత్తురుతోనే అది వీధిలోకి పరిగెత్తి, వచ్చే ఆటోకి అడ్డం నిలబడి ఆపింది.

మేం ఆస్పత్రికి చేరిన కాసేపటికి మా ఆయన కూడా వచ్చారు. చొక్కా మార్చుకున్నారు, తల దువ్వుకున్నారు. డాక్టరమ్మకి చేతులు జోడించి, “బాత్రూమ్‌లో జారిందండీ. నీళ్ళు చూసుకోదు” అన్నారు ఎంతో మర్యాదగా.

డాక్టరమ్మ ఉబ్బిపోయిన నా మణికట్టునీ, దాని మీద అడ్డంగా పడ్డ రెండు గాట్లనీ చూసింది. “ఏమ్మా, జారారా?”

అంతకుముందు చాలా చెప్పాను నేను. మెట్లు అన్నాను, గ్యాసు బండ అన్నాను, బస్సు తలుపు అన్నాను. ఇప్పుడూ నోటిదాకా ఆ మాటే వచ్చింది. నా పక్కన అలేఖ్య నుంచుని ఉంది. పెదవి తుడుచుకోలేదు. నేనేం చెబుతానో అని నా నోటి వంకే చూస్తోంది. నేను జారానంటే రేపు ఇది కూడా ఏదో ఒక ఆస్పత్రిలో జారానని చెబుతుంది.

“జారలేదండీ. ఈయన బీరువా తలుపేసి విరిచారు. రెండుసార్లు.”

ఆయన నవ్వారు. “నొప్పికి ఏదో మాట్లాడుతోందండీ.”

“మా అమ్మ నిజమే చెబుతోంది” అంది అలేఖ్య.

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగి, “పోలీసులకి ఫోన్ చెయ్యండి” అంది. ఆయన నవ్వు అక్కడ ఆగింది. పదిహేనేళ్ళలో ఆ మనిషి భయపడటం నేను చూసింది అదే మొదలు. చూసి నాకు జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని ఎదురుచూశాను కూడా.

ఆయన బెయిలు మీద బయటికొచ్చేసరికి నేనూ అలేఖ్యా ధవళేశ్వరంలో స్కూలు దగ్గర రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. పిల్ల నాకు జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది. అక్కడికే వచ్చారు మా ఆయన అన్నగారు, మా బావగారు జగన్నాథరావు. యాపిల్ పళ్ళు తెచ్చారు.

“వాడు చేసింది తప్పే, కాదనను. కేసు వెనక్కి తీసుకో హైమా. సంతకం సంగతి ఇంకెవరూ ఎత్తరు. నీకు రావాలని లేకపోతే కొన్నాళ్ళు ఇక్కడే ఉండు, నిన్నెవరూ బలవంతం చెయ్యరు.” గొంతు తగ్గించారు. “వాయిదాలు మాత్రం ఆపకమ్మా. బ్యాంకువాళ్ళు ఊరుకోరు.”

కట్టుతో ఉన్న నా చేతి వంక చూస్తూనే అన్నారామాట. నేను లేకపోయినా ఆ ఇంటికి ఫరవాలేదు. నా ఒంట్లో వాళ్ళకి కావలసింది ఎప్పుడూ ఆ చెయ్యి ఒక్కటే, అదీ డబ్బు కట్టేంతవరకే. అంతసేపూ ఒంట్లో సలుపుతున్నదేదో ఒక్కసారిగా చల్లబడింది.

“పళ్ళు తీసుకెళ్ళండి బావగారూ” అన్నాను.

ఒకటో తారీఖున జీతం తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. మేనేజరు నరసింహమూర్తిగారు నన్ను చూసి కుర్చీ చూపించారు. “చెయ్యి బాలేకపోయినా వచ్చారే! మీలాంటి పార్టీలు అందరూ ఉంటే మాకు ఇబ్బందే ఉండదండీ. కడతారా?”

“కట్టడానికి రాలేదండీ. ఇక కట్టనని చెప్పడానికొచ్చాను.”

ఆయన కళ్ళజోడు తీశారు. “అదేంటండీ? నెలలు గడిస్తే ఇల్లు వేలానికొస్తుంది.”

“తెలుసండీ.”

“మీ పేరు కూడా ఉందమ్మా లోనులో. మీ జీతం మీదికీ వస్తాం మేము.”

“ముందు ఇల్లు అమ్మండి. అది చాలకపోతే మిగిలింది నేను కడతాను. దాచుకోను, పారిపోను.”

“ఆవేశపడకండి. అందులో మీ అత్తగారున్నారు, మీవారున్నారు...”

“ఉన్నారండీ.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. జీతం మొత్తం నా సంచిలోనే ఉంది. లేచి నిలబడ్డాను.

“నోటీసు ఆయన పేరునే పంపించండి” అన్నాను. “ఇల్లు ఆయనదే.”