దమ్ము విప్పిన డేగిసా

క్రిస్మస్ మధ్యాహ్నం మూడు గంటలకు అమలమ్మ ఇంకా ప్లేట్లు కడుగుతూనే ఉంది. పామర్రు దాటాక కాలవ గట్టున ఉన్న పాత జమీందారు బంగళాను హోటలు చేసి నాలుగేళ్లయింది. ఈ రోజు అక్కడ పండగ భోజనం తలకు మూడువేల ఎనిమిది వందలు. అమలమ్మ రోజు కూలి నాలుగు వందల యాభై. పొద్దున ఆరింటికి వచ్చి టీ తాగింది, అంతే. ఆకలి కూడా అడిగి అడిగి ఊరుకుంది.

అమలమ్మ వాళ్ల పాలెంలో ఆరాధన అయ్యాక అందరూ ఒకే బంతిన కూర్చుని తినే ప్రేమవిందు ఈ ఏడూ లేదు. వండే ఆడవాళ్లంతా ఈ వంటింట్లోనే ఉన్నారు మరి. ప్రభువు పుట్టినరోజు బంగళాలో ఘనంగా జరుగుతుంటే పాలెంలో పొయ్యి వెలగలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి బిస్కెట్లు పంచి పంపించేశారట.

ఆ హోటల్లో ఒక రూలుంది. మిగిలిన తిండి మీద ఫినాయిలు పోసి గోతిలో పారెయ్యాలి. పనివాళ్లు తినకూడదు, ఇంటికి పట్టుకెళ్లకూడదు. తినొచ్చంటే కావాలనే ఎక్కువ వండుతారని యజమాని అనుమానం. నాలుగేళ్లుగా ఆ పోసే పని అమలమ్మదే. మొదటి రోజు ఏడ్చింది. తరవాత అలవాటైపోయింది. అలవాటంత పాపిష్ఠిది ఇంకోటి లేదు గానీ, అది లేకపోతే ఆమె అక్కడ పని చెయ్యగలిగేది కాదు.

మేనేజరు పవన్‌కుమార్ వచ్చి, పొద్దుటి పొగమంచుకి గన్నవరంలో విమానం దిగలేదనీ, హైదరాబాదు నుంచి రావలసిన నలభై మందీ ఇక రారనీ చెప్పాడు. డబ్బు ముందే కట్టేశారు కాబట్టి హోటలుకి నష్టమేమీ లేదు. వాళ్ల కోసం వండిన మటన్ బిర్యానీ డేగిసా, మూత చుట్టూ అంటించిన పిండి కదలకుండా, మూల పొయ్యి మీదే ఉంది. దాన్ని విప్పి ఫినాయిలు పొయ్యమన్నాడు.

వంటమాస్టరు కాశిం విజయవాడ మనిషి, అరవై దాటినవాడు. దమ్ము పిండి ఆయనే కోస్తాడు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. కోసిన చేత్తోనే మొదటి ప్లేటు వడ్డిస్తాడు. వడ్డన లేకుండా ఏనాడూ కొయ్యలేదు.

"వడ్డించడానికి కోసే పిండండీ అది," అన్నాడు మెల్లగా.

పవన్‌కుమార్ కసురుకోలేదు. మర్యాదగానే, త్వరగా కానిమ్మన్నాడు. కాశిం చాకు తీసి పిండి చుట్టూ కోశాడు. మూత ఎత్తి పక్కన పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

ఆవిరి అమలమ్మ మొహానికి కొట్టింది. ఫినాయిలు డబ్బా మూత తీసినదల్లా ఆగింది. డేగిసా మీదికి వంగి గట్టిగా గాలి పీల్చింది. వేడి తెలిసింది. మరేమీ తెలియలేదు.

"బాబాయ్, వాసన వస్తందా?"

"వస్తందమ్మా. వాకిలి దాకా వస్తంది."

"నాకు రావట్లేదు."

ఆ మాట కుళాయిలో నీళ్లు రావట్లేదన్నంత మామూలుగా అంది. పోయిన నెల ఇంట్లో కూర మాడిపోతే, పొగ కళ్లల్లోకి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. అప్పుడు జలుబనుకుంది. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బా వంక చూసింది.

టైమవుతోందన్నాడు పవన్‌కుమార్.

"నేను పొయ్యనండి."

పొయ్యకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని అతనన్నాడు. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. అతనూ యజమానికి జవాబు చెప్పుకోవాల్సినవాడే.

అమలమ్మ డబ్బా మూత బిగించి గోడవార పెట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. కడిగిన ప్లేట్లలోంచి ఒకటి తీసి, కొంగుతో తుడిచి, కాశిం ముందు పట్టుకుంది.

"కోశావుగా బాబాయ్. వడ్డించు. ఎట్టా కుదిరిందో తిని నువ్వే చెప్పాల నాకు."

వెనక గిన్నెలు తోముతున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. కాశిం పవన్‌కుమార్‌ని చూశాడు. ఆ తరవాత గరిటె కోసం వెతుక్కున్నాడు.