ఆవగింజంత నల్లమందు

సన్యాసమ్మ చీపురు గోడకి చేర్చి, తడిసిన రవికె మీద కొంగు సర్దుకుంది. మెట్రో కోసం తవ్విన మట్టి రాత్రి వానకి జారి సగం వీధిని కప్పేసింది. పొద్దుటి నుంచి ఎత్తిపోస్తున్నా తరగలేదు. పాలు చేపుకొచ్చి రొమ్ములు రాళ్లయ్యాయి. ఈ వేళకి ఇంట్లో పిల్లాడు పాలకి ఏడుస్తూ ఉండాలి. కానీ ఏడవడని ఆమెకి తెలుసు. చీకటితో డ్యూటీకి బయల్దేరే ముందు ఆవగింజంత నల్లమందు రొమ్మున రాసి పాలిచ్చి వచ్చింది.

శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా వచ్చి వీధులూడ్చేవాళ్ల ఆ బస్తీలో తల్లులంతా అలాగే చేసేవారు. గుమ్మం దాటితే మురిక్కాలవ, గుమ్మం లోపల బొగ్గుల పొయ్యి. పాకే బిడ్డ పడుకుంటేనే తల్లి చేతులు ఆడేవి. శిశుశాల కావాలని పొద్దున్నే పేర్లు పిలిచే హాజిరీ గది గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. ఏటా పండక్కి ఆ అక్షరాలకి కొత్త రంగు వేసేవారు.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి అత్త అప్పమ్మ గుమ్మంలో మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. ముప్పై ఏళ్లు వీధులూడ్చిన మోకాళ్లవి.

"గవరడు లెగిసినాడా అత్తా?"

"లెగడం నేదు. నువ్వెల్లిన కాడినుంచీ ఒకటే రాగం. అంతలాగ ఏడిసినాడంటే నువ్వు మరిసిపోనావనుకున్నాను. నానే గింజంత నాలిక్కి రాసినాను. అప్పుడు తొంగున్నాడు బుద్దిగా."

కాళ్లు కడుక్కోబోతున్న సన్యాసమ్మ చెంబు కింద పెట్టేసింది.

"నాను మరిసిపోనేదత్తా. పెట్టీసే ఎల్లినాను."

"మరి సెప్పవేటే?"

"రోజూ పెట్టిందే కదా. ఏటి సెప్తాను?"

పిల్లాణ్ణి ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఒక ఊపిరి వచ్చాక రెండోది వస్తుందో రాదో అన్నట్టుంది. అరికాలు గిల్లింది. నీళ్లు చల్లింది. ఆ తరవాత చెప్పులు కూడా లేకుండా ఆసుపత్రికి పరిగెత్తింది.

అక్కడి డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. పిల్లాడి కనురెప్ప ఎత్తి చూసింది.

"ఆఫిమ్ దియేఛో?"

నల్లమందు పెట్టావా అంటోందని అర్థమైంది. సన్యాసమ్మ తల దించుకుంది. తల్లివేనా నువ్వు అని డాక్టరు అరిచింది. అమ్మా, నువ్వు డ్యూటీకొస్తే నీ పిల్లల్ని ఎవరు చూస్తారు అని అడగాలనిపించింది సన్యాసమ్మకి. కానీ ఆమెకొచ్చిన బెంగాలీ చెత్తకీ కాలవకీ సరిపోయేదే.

దీపాలు పెట్టే వేళకి గవరడు సన్నగా ఏడిచాడు. పక్క మంచాలవాళ్లు విసుక్కున్నారు. ఆమె వాణ్ణి ఊరుకోబెట్టలేదు. ఆ ఏడుపు వింటూ కూర్చుంది.

మర్నాడు ఇంటికి తెచ్చారు. ఆ మరుసటి తెల్లవారుజామున మొగుడు బైరాగి నల్లమందు డబ్బీ ఆమె ముందు పెట్టాడు.

"నీది ఒకలి బదులు సేసే బదిలీ పనే. మల్లీ నాగా పెడితే పేరు కొట్టీస్తారు. సగం గింజ పెట్టు. సగానికేటవదు."

సన్యాసమ్మ లేచింది. డబ్బీ తీసి కాలవలో పారేసింది. పాత చీరతో పిల్లాణ్ణి వీపున కట్టుకుని, చీపురు పట్టుకుని బయల్దేరింది.

హాజిరీ గది ముందు ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. హాజిరీ వేసే సర్దారు బంగారయ్య కూడా శ్రీకాకుళం వైపువాడే.

"ఏటే, ఉయ్యాల కూడా తేనేకపోనావా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. "పిల్లడితో హాజిరీ నేదు. మీ అత్తకిచ్చీసి రా."

"ఎవులికిచ్చినా నల్లమందేసి తొంగోబెట్టడమే బాబూ. మొన్న లెగనేదు ఈడు."

"మాయమ్మా పెట్టింది. నాను లెగనేదేటి?"

"లెగనోలు హాజిరీకి రారు కదా బాబూ."

నవ్వినవాళ్లు ఆగిపోయారు. వరసలో ముందున్న నాగేశ్వరి బస్తీ వైపు చూసింది. ఆమెకి ఇంట్లో ఏడాది పిల్ల ఉంది. చీపురు కింద పెట్టి నాలుగడుగులు మామూలుగానే నడిచింది. ఆ తరవాత పరుగు అందుకుంది. ఆమె వెనకే ఇంకొకరు కదిలారు. తరవాత మరొకరు. 

బంగారయ్య పుస్తకం తెరిచాడు.

"నాగేశ్వరి."

పలికేవాళ్లు లేరు.

సన్యాసమ్మ గది మెట్టు మీద కూర్చుని పిల్లాణ్ణి వీపు మీంచి దింపింది. చలిగాలి తగిలి వాడు గుక్కపట్టి ఏడవసాగాడు.

"ఆ ఏడుపాపవే, పేర్లు వినపడవు," అన్నాడు బంగారయ్య.

"ఆపను బాబూ," అందామె.