తాళంచెవుల సంచి

బంద్ ఎలా చేయాలో సోమందేపల్లె పాత బజారు వ్యాపారులను చూసి నేర్చుకోవాలి. షట్టరు సగం దించుతారు. కింద నుంచి చెయ్యి చాపితే చక్కెర వస్తుంది, బీడీ కట్ట వస్తుంది, గట్టిగా అడిగితే అగ్గిపెట్టె కూడా వస్తుంది. జెండాల వాళ్లు కనబడితే దబ్బున పూర్తిగా దించేస్తారు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే మళ్లీ సగం లేపుతారు. అందుకే మార్టుకు వ్యతిరేకంగా బంద్ చేద్దామని ఊళ్లో కుర్రకారు కూడినప్పుడు జయంతి మొదటే చెప్పింది.

"బీగంచెవులన్నీ మనమే తీసుకోవల్ల. లేకుంటే మనోళ్లను నమ్మేకి లేదు."

జయంతి కిరాణా లింగప్ప కూతురు. హిందూపురంలో బీకాం ముగించి ఏడాదైంది. హైవే పక్కన హైదరాబాదు కంపెనీ వాళ్లు మార్టు తెరిచి ఎనిమిది నెలలు. అద్దాల గోడలు, లోపల చల్లగాలి, కందిబేడలు కిలో మీద పద్దెనిమిది రూపాయలు తక్కువ. లింగప్ప టోకున కొనే రేటుకే వాళ్లు చిల్లరగా అమ్ముతారు. ఇంకేం పోటీ, నా మొహం! ఈ ఎనిమిది నెలల్లోనే పాత బజారులో ఏడు అంగళ్లు మూతపడ్డాయి.

లింగప్పకు నాలుగెకరాల మెట్ట ఉంది గాని, మూడు బోర్లు వేస్తే మూడింట్లోనూ దుమ్మే లేచింది. ఈ అంగడి కూడా పోతే యాభై ఏడేళ్ల మనిషి బెంగళూరులో ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో విజిలు పట్టుకుని నిలబడాలి. ఆయన ఈడువాళ్లు ఇద్దరు ఇప్పటికే అలా నిలబడి ఉన్నారు. అది తలుచుకున్నప్పుడల్లా జయంతికి ఒళ్లు మండిపోయేది.

జయంతి, మొబైల్ అంగడి వంశీ, కుట్టుమిషను సుజాత కలిసి రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగారు. "అవును మే, మనోళ్ల అంగళ్లు మనకు ఉండల్ల" అని ప్రతి ఇంటి ఆడమనిషీ తల ఊపింది. తల ఊపడానికి ఖర్చేముంది? సాయంత్రం అదే మనిషి ఆటో మాట్లాడుకుని మార్టుకు పోయేది. ఇక ఇలా కాదని, మన అంగళ్లు లేకపోతే ఎలా ఉంటుందో ఊరికి చూపిద్దామని బంద్ పెట్టారు. గురువారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక్క షట్టరు లేవకూడదు. బుధవారం పెద్దమ్మ గుడి ముందు అందరూ టెంకాయ కొట్టి ఒట్టు వేశారు. నలభై ఒక్క అంగళ్ల తాళంచెవులు జయంతి భుజాన ఉన్న గుడ్డసంచిలో పడ్డాయి.

అందరికంటే చివర వచ్చినవాడు లింగప్పే.

"పాపా, ఇదొక్కటి నా కాడనే పెట్టుకుంటా. సావు మూట లోపల ఉండాది."

ఆ మూట సంగతి చెప్పాలి. ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు లింగప్పకే. తెల్లని కోరాగుడ్డ, పసుపు, కుంకుమ, కర్పూరం, ఊదుకడ్డీలు, పిడికెడు బియ్యం, అన్నీ ఒక మూటగా కట్టి ఎప్పుడూ అంగడి పైఅరలో సిద్ధంగా ఉంచుతాడు; చావు సరుకు ఇంట్లో పెట్టుకోరు కదా. కబురు రాగానే తనే మోసుకుపోయి ఆ ఇంట్లో దించి, మట్టి చేసేదాకా ఉండి వస్తాడు. చావు ఇంటివాళ్లను అంగడి దాకా నడిపించకూడదు, వాళ్ల చేత గుడ్డ ధర అడిగించకూడదు అని ఆయన తండ్రి పెట్టిన కట్టడి. ముప్పై ఏళ్లలో ఒక్క ఇల్లు తప్పలేదు.

"నీకు ఇస్తే అందరూ అడుగుతారు నాయనా. ఒక్క పొద్దుకు ఎవురు సస్తారులే!" అనేసింది జయంతి. పాడు నోరు, ఆ మాట ఎలా వచ్చిందో!

గురువారం బంద్ అదిరిపోయింది. సగం షట్టరు కాదు, వేలెడు సందు కూడా లేదు. ఎనిమిదింటికి బేకరీ తిప్పేస్వామి వచ్చి, పాలు విరిగిపోతున్నాయి, ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను, ఐదు నిమిషాలు తాళంచెవి ఇమ్మని బతిమాలాడు. జయంతి ఇవ్వలేదు. పాలు కాలవలో పారబోసుకుని ఆయన కూడా వచ్చి ఊరేగింపులో నిలబడ్డాడు. ఆ క్షణాన జయంతికి గెలుస్తామనే అనిపించింది. ఎన్ని నెలల తర్వాతో గుండెల నిండా గాలి పీల్చుకుంది.

పదింటికి శ్రీరంగప్ప కొడుకు జయరాముడు వచ్చాడు, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా.

"లింగప్పన్నా, నాయన పోయినాడు" అన్నాడు.

శ్రీరంగప్ప పోయాడు. లింగప్ప కూతురి ముందు చెయ్యి చాపాడు.

"బీగంచెవి ఇయ్యి పాపా."

చుట్టూ వందమంది ఉన్నారు. తిప్పేస్వామి చొక్కా మీద పాల మరక ఇంకా అలాగే ఉంది. జయంతి సంచిని గట్టిగా పట్టుకుంది.

"పొద్దున తిప్పేస్వామికి లేదంటిమి నాయనా. మన షట్టరు లేస్తే ఇంగ అందరివీ లేస్తాయి. జయరామన్నా, రవ్వంత సేపు ఓపిక పట్టు, పెనుకొండకు మనిషిని పంపిస్తాం, గంటలో తెచ్చేస్తాడు."

జయరాముడు లింగప్ప మొహంలోకి చూశాడు. లింగప్ప షట్టరు వంక చూశాడు. "సరేలేమ్మా, వద్దులే" అని జయరాముడు వెనక్కి తిరిగాడు.

అతను తిన్నగా మార్టుకు పోయాడు. ఊళ్లో తెరిచి ఉన్నది అదొక్కటే కదా! అక్కడి మేనేజరు కుర్రవాడు విషయం విని గుడ్డా, పసుపూ, కర్పూరమూ అన్నీ తనే ఏరి సంచిలో వేశాడు. దుడ్లు వద్దన్నాడు. రెండు పెట్టెల నీళ్ల సీసాలు వ్యానులో వేసుకుని, పూలదండతో ఇంటికే వచ్చాడు. పాపం, చెడ్డవాడేం కాదు. వాళ్ల నాయన పోయి ఏడాదేనట.

పెనుకొండకు పోయిన మనిషి తిరిగి వచ్చేసరికి శ్రీరంగప్పకు కొత్తగుడ్డ కప్పి ఉంది. లింగప్ప ఉత్త చేతులతో పోయి గడప దగ్గర నిలబడ్డాడు. జయంతి ఆయన వెనకాలే ఉంది. శ్రీరంగప్ప పెళ్లాం చౌడమ్మ ఏడుపు ఆపి తలెత్తింది.

"ఏమప్పా లింగప్పా, ఊర్లో అందరి సావుకూ వస్తివే. మా ఆయన నీకేం చెడుపు చేసినాడప్పా?"

జయంతికి భూమి చీలి తనను మింగితే బాగుండుననిపించింది. సాయంత్రం ఆరింటికి నలభై ఒక్క తాళంచెవులు ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది. బంద్ విజయవంతం అని వంశీ ఫోన్లో ఫొటోలు పెట్టాడు. కొరివితో తల గోక్కున్నారని అప్పటికి వాళ్లకు తెలియదు.

అంతకు ముందు జనం మార్టులో కొన్నా, లింగప్ప అంగడి ముందు నుంచి పోయేటప్పుడు మార్టు సంచిని అవతలి చేతికి మార్చుకునేవాళ్లు. ఆ మాత్రం సిగ్గు ఉండేది. ఉప్పో చింతపండో ఇక్కడ కూడా కొనిపోయేవాళ్లు. ఆ గురువారం తర్వాత ఆ సిగ్గు అక్కరలేకపోయింది. ఎదురుగానే నడిచిపోయారు, నవ్వుతూ పలకరించి మరీ పోయారు. మార్టులో పూజసామాన్ల పక్కన ఆ చావు సరుకులన్నీ కలిపి ఒక ప్యాకెట్టు కూడా వచ్చింది, ధర చీటీతో సహా. నెలన్నరకు వంశీ వాళ్ల అవ్వ పోతే వాళ్లింట్లోనూ ఆ ప్యాకెట్టే విప్పారు.

"మా చిన్నాయన తెచ్చినాడక్కా, నేను వద్దనే అంటి" అని వంశీ తల దించుకున్నాడు. అతన్ని అనడానికి జయంతికి మాత్రం ఏం మొహముంది?

శ్రావణం రాకముందే ఒక మంగళవారం మధ్యాహ్నం లింగప్ప త్రాసు, డబ్బాలు సర్దేశాడు. మిగిలిన సరుకు పావు బండికి కూడా రాలేదు. బెంగళూరులో పని కుదిరింది, సోమవారం చేరాలి. ఆయన షట్టరు దించుతుంటే జయంతి ఇక ఓర్చుకోలేకపోయింది.

"నన్ను తిట్టు నాయనా. ఒక్కసారన్నా తిట్టు. ఆ పొద్దు నేను బీగంచెవి ఇచ్చింటే..."

"నిన్నెందుకు తిట్టేది పాపా?" లింగప్ప మెట్టు మీద కూర్చున్నాడు. "బీగంచెవి నీ కాడ ఉండె, సరే. నాకు చేతులు లేకుండెనా? ఈ మెట్టు పక్కనే రాతిగుండు ఉండె. ఒక్క దెబ్బ వేసింటే బీగం పగిలిపోతాండె. జయరాముడు నా మొగమే చూస్తాండాడు. నేనేమనుకుంటినో తెలుసునా? బంద్ గెలిస్తే అంగడి నిలుస్తుంది, ఈ ఒక్క సావు తప్పితే తప్పనీలే అనుకుంటి. నువ్వు కాదు పాపా, నేనే."

జయంతి ఆయన పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ తప్పు తనదనుకుని మోసింది. ఆయన అంతకంటే పెద్దది మోస్తున్నాడని తెలియలేదు.

రోడ్డు మీద పోతున్న ఆటోవాడు బండి నెమ్మది చేసి, మూసిన షట్టరు వంక చూశాడు.

"ఏమన్నా, ఈ పొద్దు కూడా బందా?"

"కాదప్పా," అన్నాడు లింగప్ప, "మూసేస్తిమి."

"అట్లనా" అని అతను ఆటో ముందుకు పోనిచ్చాడు.