పచ్చ లైటు ఎప్పుడు పడింది

ముందు ఇంటర్‌కూలర్, తర్వాతే ఇంజన్ కంప్యూటర్‌లో మ్యాప్ మార్చడం, మెకానిక్ రమేశ్ చెప్పింది నిజమే, టర్బోలోంచి వచ్చే గాలిని చల్లబరచకుండా బూస్ట్ పెంచితే అంతే సంగతులు, గీ ఎండల పిస్టన్ పోతది అన్నా, జర ఆగు, అన్నాడు గ్యారేజీలో బానెట్ మీద మోచేతులు ఆనించి, ఆగాను, ఏడాది ఆగాను, ఇవాళ్టితో ఆగడం అయిపోతుంది, హైందవి మళ్లీ గేరు తప్పు వేసింది, ఇంత బండిని అమీర్‌పేటలో ఆటోల వెనక ఈడుస్తోంది, టర్బో మేలుకునేలోపే బ్రేకు తొక్కేస్తుంది, ఈ దెబ్బకి క్లచ్ కూడా మార్చాలి, క్లచ్ అయిపోతోంది తల్లీ అంటే, అయిపోనీ, మార్పించుకుందువుగాని, ఎలాగూ అన్నీ మార్పిస్తున్నావుగా, అంది, జావా నేర్పిస్తామనే బోర్డుల కింద కుర్రాళ్లు రోడ్డు మీదికి పొంగుతున్నారు, ఒకడు కారును చూశాడు, నడుపుతున్న హైందవిని చూశాడు, పక్కన కూర్చున్న నన్ను చూసి నవ్వాడు, నవ్వనీ, ఇదే బోర్డుల కింద మేమిద్దరం కలిశాం, అప్పుడు నా బైకు వెనక కూర్చుని నెమ్మదిగా వంశీ, నెమ్మదిగా, అని భుజం గిల్లేది, ఆఫీసు క్యాంటీన్‌లో నేను ఫిట్స్ వచ్చి పడిపోయిన రోజు కారు తాళాలు తన సంచిలో వేసుకుంది, ఏడాదిపాటు మళ్లీ రాకపోతే డ్రైవింగ్ సంగతి చూద్దాం అన్నాడు పంజాగుట్ట డాక్టర్, రాలేదు, ఒక్కసారీ రాలేదు, ఇంటికి వెళ్లేటప్పుడు నేనే నడుపుతా అన్నాను, ముందు డాక్టర్‌గారిని చెప్పనీ అంది, చెప్పక ఏం చేస్తాడు, ఏం చేస్తాడో చూద్దాంలే వంశీ, అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఫ్లైఓవర్ కింద ఎర్ర లైటు, ముందు బస్సు, పక్కన బస్సు, పొగ, సరే, ఇంటర్‌కూలర్ అయ్యాక వెడల్పు ఎగ్జాస్ట్ పైపు, ఆ తర్వాత మ్యాప్, దానికి తగ్గ బ్రేకులు, రబ్బరు గొట్టాలు తీసేసి సిలికాన్‌వి వేయిస్తే వేడికి

ఆసుపత్రి గేటు, ఇక్కడికెప్పుడొచ్చాం, బస్సులేవి, పచ్చ లైటు ఎప్పుడు పడింది, నోట్లో ఉప్పగా ఉంది, హైందవి ఎడమ చెయ్యి నా గుండెల మీద అడ్డంగా ఉంది, అదే చెయ్యి పైకి వచ్చి నా పెదవి చివర తడిని చున్నీతో తుడిచింది, కంగారు లేదు, నా వైపు చూడనైనా లేదు, చూడకుండానే సరిగ్గా తడి ఉన్న చోటే తుడిచింది, ఎన్నోసారి, అన్నాను, సెక్యూరిటీ చెయ్యూపితే కారు లోపలికి తిప్పింది, ఎన్నోసారి హైందవీ, లెక్కపెట్టలేదు, అంది, సినిమాహాల్లో నిద్రపోయావని తనన్నది ఇదే, టీవీ ముందు పరధ్యానం అన్నది ఇదే, మాత్ర రెండుసార్లు ఎందుకు పెంచాడో డాక్టర్‌ని నేనే అడగలేదు, నాకెందుకు చెప్పలేదు, అన్నాను, చెబితే మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటావు, ఆ పార్టుల గోలలో ఉంటే కాస్త అన్నం తింటున్నావు, అంది, ఇంజన్ ఆపింది, తాళం తీసి సంచిలో వేసుకుంది, నా మోకాళ్లు డాష్‌బోర్డుకి నొక్కుకుని నొప్పెడుతున్నాయి, ఏడాదిగా ఈ సీటు ఇంకా తను కూర్చున్నప్పటి కొలతకే ఉంది, నాలుగు రోజుల్లో ఖాళీ చేసేదే కదా అని నేనే జరపలేదు, వంగి కింద లివరు వెతికి లాగాను, సీటు వెనక్కి పోయింది, కాళ్లు చాపుకున్నాను, ఇక నా సీటు ఇదే.