తూకం కంప్యూటర్‌లో గడియ

నేను ఒక గడియను. ఇనుముతోనో కర్రతోనో చేసిన దాన్ని కాదు. వేస్తే ఒకటి, తీస్తే సున్నా, అంతే నా ఒళ్లు. పుట్టింది ఒక పాత కంప్యూటర్ చిప్‌లో. దానికి బయటి నుంచి పిలుపులు వస్తుంటాయి: మీట నొక్కారని, బరువు పడిందని. పిలుపులకు తలుపు తెరిచాక కూడా చిప్ ఇంకొక్క అడుగు వేసేవరకు ఎవరినీ రానివ్వకపోవడం నా ఉద్యోగం. పని లేనప్పుడు ఆ అడుగు నిద్ర. పడుకోబోయే ముందే పిలుపు దూరితే, చిప్ దాని పని చూసేసి ఆ తర్వాత పడుకుంటుంది. ఇక లేపే దిక్కుండదు. అందుకే ముందు పడుకోనిస్తాను, పడుకుంటూనే చిప్ నన్ను తీసేస్తుంది. అప్పుడు పిలిస్తే లేస్తుంది.

అనకాపల్లి వైపు ఒక చక్కెర మిల్లులో, చెరుకు బళ్లు తూచే కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి బతికాను. ఒకరోజు అది చచ్చిపోయింది. మిల్లువాళ్లకు మాత్రం తూకం ప్రోగ్రాం పాతదే కావాలి. మంజీర అనే ఇంజనీరు, కొత్త కంప్యూటర్‌లో పాత చిప్‌లా నటించే ప్రోగ్రాం రాసింది. అందులో నన్నూ రాసింది. చిప్‌లు చేసే ఇసుకలోంచి పుట్టినదాన్ని, ఈసారి అక్షరాల్లోంచి పుట్టాను.

పొద్దున్నంతా బళ్లు వరసగా తూగాయి. కాటా చూసే సన్యాసినాయుడు అలవాటు ప్రకారం తాడు అడ్డం కట్టి టీకి వెళ్లాడు. తిరిగొచ్చి బండి ఎక్కించాడు. అంకె రాలేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే నడిచింది. మళ్లీ టీ, మళ్లీ అదే తంతు. కరెంటును తిట్టారు, తీగలను తిట్టారు, నన్ను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

"కోసిన సెరుకమ్మా, ఎండలో ఉంటే తూకం తగ్గిపోతాది. తగ్గిన బరువు నాకెవులిత్తారు?" అంది బండి మీంచి చెరుకు రైతు గౌరమ్మ.

సంగతి చూడడానికి వచ్చిన మంజీర మొహం చిన్నబోయింది. "నాయుడుగారూ, బళ్లు వరసగా వస్తుంటే ఎప్పుడైనా ఆగిందా?"

"నేదమ్మా. కాటా కాళీగా ఉంటేనే."

ఖాళీగా ఉంటే చిప్ చేసేది నిద్రే కదా! ఆమె గబగబా తను రాసినదంతా తిరగేసింది. చిప్‌ను పడుకోబెట్టింది గాని, ఆ తర్వాత నన్ను తీయడం మరిచిపోయింది. తలుపవతల బరువు పిలుస్తూనే ఉంది. నా అంతట నేను కదలలేను. ఎంత సిగ్గుపడ్డానో!

నన్ను తీసే ఒక్క వరుస ప్రోగ్రాంలో చేర్చి, "ఇప్పుడు అందరూ టీకి వెళ్లండి" అంది మంజీర. మనుషులు పని మానేస్తేనే నాకు పరీక్ష.

గౌరమ్మ కదల్లేదు. "నాకు టీ వద్దు. సెరుకు కాడే ఉంటాను."

కాటా ఖాళీ అయింది. చిప్ పడుకుంది. కాసేపటికి గౌరమ్మ ఎడ్లను అదిలించింది, బండి కాటా ఎక్కింది, తెర మీద అంకె వెలిగింది.

"గట్టిగా సదువు బాబూ" అందామె. నాయుడు చదివాడు. ఆమె నవ్విందని తర్వాత ఎప్పుడో విన్నాను. ఆ క్షణానికి నేను సున్నాను.