పదకొండు కుటుంబాల పొయ్యి

మా నాన్న తెరెంతీ వోల్గా ఒడ్డు పల్లెల్లో ఇటుక పొయ్యిలు కట్టేవాడు. మాకు రెండు గుర్రాలుండేవి. ఆ పాపానికి మమ్మల్ని ఊరిని పీల్చుకుతినే ఆసాములన్నారు. ఇల్లు లాక్కుని, పశువుల రైలుపెట్టెలో కుక్కి, ఉరల్ కొండల దగ్గర ఉక్కు కర్మాగారం కట్టేచోట దింపారు. అది 1931. నాకు తొమ్మిదేళ్ళు. దేశానికి ఉక్కు తొందరగా కావాలట. మమ్మల్ని కాపలా కాసే అధికారి, కమాండెంటు, చీటీ ఇవ్వనిదే మేము ముళ్ళకంచె దాటకూడదు.

నాన్నను పెద్ద కొలిమి లోపల ఇటుకలు పేర్చే పనిలో పెట్టారు. మేముండేది చెక్కల పాక. పదకొండు కుటుంబాల మధ్య దుప్పట్లే గోడలు. పాక లోపల కూడా మంచు పేరుకునేది. డిసెంబరులో నా చెల్లి పోయింది. ఆ నెలలో మా పాకలో పోయిన నాలుగో బిడ్డ.

దాన్ని పాతిపెట్టి వచ్చిన మర్నాటి నుంచి నాన్న పాకలో పొయ్యి కట్టడానికి కోటు కింద పగిలిన ఇటుకలు దాచి తేసాగాడు.

"పట్టుబడితే ఉత్తరానికి తోలేస్తారయ్యా!" అంది అమ్మ.

"ఇంతకన్నా ఉత్తరం ఎక్కడుందే?"

పక్క దుప్పటి వెనకుండే తాతారు ఆవిడ మగ్సూమా, గడ్డకట్టిన మట్టిని గునపంతో తవ్వి పావడాలో మోసుకొచ్చింది. మేమామెను 'అపా' అనేవాళ్ళం. వాళ్ళ భాషలో అక్క అని.

పొయ్యి వెలిగిన మూడోనాడే కమాండెంటు వచ్చాడు.

"సర్కారు ఇటుకలు ఎత్తుకొచ్చిందెవడ్రా?"

"నేనేనండి. పారేసినవే తెచ్చాను."

"పారేసినా సర్కారువే!"

"మా పిల్లలూ సర్కారు బిడ్డలేనన్నారుగా అయ్యా. వాళ్ళనూ పారేస్తున్నారు."

నాన్నకు పదిహేను రోజులు చీకటికొట్టు. పొయ్యి కూల్చమని మేస్త్రీని పంపారు. అతనూ మాలాగే పట్టుకొచ్చిన మనిషే. మగ్సూమా అపా పిల్లల్ని ఒళ్ళో వేసుకుని పొయ్యికి వీపానించి కూర్చుంది.

"కూల్చుకో నాయనా. ముందు నన్ను లేపు."

అతను గడ్డపార దించేశాడు. "కూల్చేశానని చెప్తాలే. పగలు మాత్రం పొగ రానివ్వకండమ్మా."

ఆ చలికాలం మా పాకలో మరో పసివాడు పోలేదు.

నాన్న దగ్గుతో, చచ్చుబడిన మూడు వేళ్ళతో తిరిగొచ్చాడు. వస్తూనే పొయ్యిలోకి తొంగిచూశాడు. "కట్టెలు ఇలా కుక్కిందెవరే? గాలి ఆడొద్దూ?" చెల్లి పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

మంచి రోజులు అనడానికి నాకు నోరు రాదు. చెల్లిని పాతినచోట ఇప్పుడు కొలిమిలోంచి తోడిపోసిన చిట్టెం గుట్టలా పడి ఉంది. అయినా తడి ఊలు బూట్ల వాసన, బూడిదలో కాలే బంగాళాదుంపలు, వంతులవారీగా మమ్మల్ని వెచ్చగా కూర్చోబెట్టిన ఆ ఆడవాళ్ళ చేతులు... ఈ వయసులో వాటికోసమే ప్రాణం కొట్టుకుంటుంది.

యుద్ధం అయ్యాక, ఇక ఎక్కడికైనా వెళ్ళొచ్చని కాగితాలిచ్చారు. అపా వాళ్ళు కజాన్ వైపు వెళ్ళిపోయారు. నాన్న కదల్లేదు. "ఇక్కడ ఒక బిడ్డ ఉందిగా," అన్నాడు. దగ్గుతోనే పోయాడు.

1958లో పాక పడగొట్టి మాకు నాలుగో అంతస్తులో గది ఇచ్చారు. అమ్మ మొదటి రోజంతా గోడలు తడుముతూ తిరిగింది.

"ఎవరి పిల్లలూ ఏడవట్లేదేంటే ఇక్కడ?"

సాయంత్రానికి పక్క తలుపు తట్టి, ముక్కూ మొహం తెలియని ఆ మనుషుల్ని టీకి పిలుచుకొచ్చింది.